సూక్ష్మజీవి ప్రాకారము

కంటికి కానరాని క్రిములు కలవను మాట మన దేశమునకు క్రొత్త కాదు. అథర్వవేదము కనబడు క్రిములను, కనబడని క్రిములను వేర్వేరుగా పేర్కొన్నది. చరకసంహిత విమానస్థానమున రక్తమునందలి క్రిములను గూర్చి చెప్పుచు, వానిలో కొన్ని మిక్కిలి సూక్ష్మములగుటచే గోచరింపవని వ్రాయబడి యున్నది. దీనిని పట్టుకొని మన పూర్వులు బాక్టీరియాను ఎరిగియే యుండిరని కొందఱు వాదింతురు. ఆ వాదము నిలువదు. ఉండవచ్చునని ఊహించుట వేఱు, చూచుట వేఱు. చూచినదాని దేహము ఎట్లు కట్టబడినదో విప్పి తెలిసికొనుట అంతకంటెను వేఱు. ఈ మూడవ పనికి మూడువందల యేండ్లు పట్టినది. అది సాగిన కొలదియే ఆ జీవి వలన గలుగు జ్వరములకు, వ్రణములకు మందు దొరకినది. కావున ఆ చరిత్రము వైద్యులకే గాక అందఱకును తెలియదగినది.

మొదట చూచినవాడు పండితుడు కాడు, బట్టల వర్తకుడు. హాలెండు దేశమున డెల్ఫ్టు పట్టణమునందు 1632లో జన్మించిన ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ బట్టల యంగడి నడుపుచు, 1660 నుండి నగర న్యాయాధిపతుల కచేరీ గదిని కనిపెట్టియుండు చిన్న యుద్యోగము కూడ చేయుచుండెను. అతనికి మాతృభాష తప్ప వేఱు భాష రాదు. ఆ దినములలో ఐరోపాయందు లాటిను రానివానిని విద్వాంసులలో లెక్కింపరు. ఆ కాలముననే డచ్చి కంపెనీవారు మచిలీపట్టణమున కొఠీ పెట్టి మన తీరపు వస్త్రములను కొని ఓడల కెక్కించుచుండిరి. డెల్ఫ్టు ఆ కంపెనీకి గల ఆరు శాఖాపట్టణములలో ఒకటి. నేత నాణ్యము తెలియుటకు వర్తకులు భూతద్దముతో నూలుపోగులను లెక్కించుట వాడుక. లీవెన్‌హుక్ అంతటితో తృప్తిపడక, గింజంత చిన్న గాజుపలుకులను తానే సానపట్టి, వానిని లోహపు రేకులలో బిగించి వందలకొలది సూక్ష్మదర్శినులను చేసెను. వానిలో నేటికిని మిగిలియున్న ఒకటి వస్తువును దాదాపు 270 రెట్లు పెద్దదిగా చూపును.

మిరియము నాలుకను ఏల మండించునని అతనికి సందేహము కలిగెను. మిరియపు రజమునకు ముండ్లవంటి మొనలుండునేమో యని తలంచి, కొన్ని మిరియములను కరగిన మంచునీటిలో మూడువారములు నానవైచెను. 1676 ఏప్రిలులో ఆ నీటి బిందువును చూడగా ముండ్లు కనబడలేదు. లెక్కకు మిక్కిలియైన ప్రాణులు కదలాడుచు కనబడినవి. ఆ యేడు అక్టోబరు 9న లండను రాయల్ సొసైటీవారికి తన భాషలోనే దీర్ఘమైన లేఖ వ్రాసెను. వారు వెంటనే నమ్మలేదు. నమ్మకపోవుటయే ధర్మము, ఒక్కడు చూచినది పదిమంది చూడవలెను గదా. మఱుసటి యేడు రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు అట్టి నీటినే సిద్ధముచేసి సభ్యులకు చూపిన పిమ్మట సందేహము తీరెను. 1680లో ఆ బట్టల వర్తకుని తమ సభ్యునిగా ఎన్నుకొనిరి. 1683లో అతడు తన పండ్లసందులనుండి గీచి తీసిన పాచియందు గుండ్రని వానిని, కడ్డీలవంటి వానిని, మెలికలు తిరిగిన వానిని చూచి చిత్రించి పంపెను. ఆకారమును, చలనమును చూచెను గాని దేహములోపల ఏమున్నదో చూచుట ఆ గాజుపలుకులకు అలవి కాలేదు. సాధారణమైన కడ్డీవంటి బాక్టీరియాలను ఒకదాని కొనకు ఒకటి చేర్చి అయిదువందలు బారులు తీర్చినచో ఒక మిల్లీమీటరు అగును.

అటుపిమ్మట నూటయేబది యేండ్ల చరిత్రమున చెప్పదగినది స్వల్పము. బాక్టీరియా అను పేరు 19వ శతాబ్ది పూర్వార్ధమున జర్మనుడైన ఎహ్రెన్‌బర్గు పెట్టినది. గ్రీకుభాషలో చిన్న కర్ర అని దాని యర్థము. బ్రెస్లావులో వృక్షశాస్త్రాచార్యుడైన ఫెర్డినాండు కోన్ 1872లో ఆకారమును బట్టి వానిని తరగతులుగా విభజించెను. 1876లో ఆయనయే, ఎండుగడ్డి కషాయమున పుట్టు ఒకజాతి కడ్డీలు ప్రతికూలకాలమున తమలో దృఢమైన బీజము నొకదానిని కట్టుకొనునని, నీరు మఱగించినను ఆ బీజము చావదని చూపెను. ఆ సంవత్సరముననే రాబర్టు కోఖ్ అను గ్రామీణ వైద్యుడు, పశువులను చంపు దొమ్మరోగమున కట్టి కడ్డీయే కారణమని కోన్ యెదుట నిరూపించెను. ఇది యొక పెద్దమలుపే. రోగమునకు కర్త దొరకినాడు. కాని ఆ కర్త దేహము ఇంకను చీకటియే.

ఆ చీకటికి కారణమేమన, బాక్టీరియా నీటిలో గాజుముక్కవలె పారదర్శకమై యుండును. దానికి రంగు వేయవలసి వచ్చెను. రాక్షసిబొగ్గు తారునుండి రంగులు తీయుట 1856లో ఇంగ్లండున ఆరంభమై జర్మనీలో గొప్ప పరిశ్రమగా పెరిగినది. ఆ పరిశ్రమయే 1897లో కృత్రిమమైన నీలిమందును అంగడికి తెచ్చి, బీహారు వంగదేశములలోను, మన కడప నెల్లూరు సీమలలోను నీలిసాగును కూలద్రోసినది. రైతునకు చేటు తెచ్చిన ఆ రంగులే వైద్యునకు కన్ను లిచ్చినవి. ఏ వస్తువున కా వస్తువు మేలును కీడును రెండును మోసికొని వచ్చును.

ఇక ముఖ్యమైన ఘట్టము. కోపెన్‌హేగను నగరమున 1853లో జన్మించిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అను వైద్యుడు 1884లో బెర్లిను నగర ఆసుపత్రి శవపరీక్షశాలలో కార్ల్ ఫ్రీడ్లెండరు వద్ద పనిచేయుచుండెను. (గ్రామ్ అన్నది ఇంటిపేరు, మన గ్రామములతోను, తూనిక గ్రాములతోను దీనికి సంబంధము లేదు.) న్యుమోనియా అను ఊపిరితిత్తుల జ్వరముతో మరణించినవారి ఊపిరితిత్తుల పలుచని ముక్కలలో బాక్టీరియాను వెదకుట అతని పని. వచ్చిన చిక్కేమన, రంగులో ముంచినచో బాక్టీరియాయు, మనుష్యుని కణములును కలిసి ఒకే రంగు పట్టుచుండెను. అప్పుడు గ్రామ్ ఒక యుపాయము పన్నెను. ముక్కను మొదట ఊదారంగులో ముంచెను. పిదప అయొడిను ద్రావణమున ఉంచెను. తరువాత ఆల్కహాలుతో కడిగెను. ఆల్కహాలు సోకగానే మనుష్యుని కణముల రంగంతయు కారిపోయినది. బాక్టీరియా మాత్రము రంగు విడువక కారునలుపు ఊదాగా నిలిచినది.

ఇంతవఱకు అతడు కోరినదే. కోరనిది మఱియొకటి జరిగినది. కొన్ని జాతుల బాక్టీరియా, టైఫాయిడు జ్వరపు కడ్డీలు మొదలగునవి, ఆల్కహాలు తగులగానే తామును వెలవెలబోయినవి. గ్రామ్ దృష్టిలో ఇది తన పద్ధతికి లోపము. తాను ప్రకటించు పద్ధతి అసమగ్రమైనదనియు, ఇతరుల చేతులలో నైనను ఉపయోగపడునేమోయనియు అతడు సంకోచముతో ముద్రించెను. లోపమని తలచినదే ఆ పద్ధతి సారమయ్యెను. రంగు నిలుపుకొను జాతులకు గ్రామ్ పాజిటివ్ అనియు, విడుచు జాతులకు గ్రామ్ నెగటివ్ అనియు పేర్లు వచ్చినవి. రంగు విడిచినవానిని కనబఱచుటకు చివర ఎఱ్ఱరంగు వేయుట తరువాతివారు చేర్చినది. న్యుమోనియాకు కారణమని ఫ్రీడ్లెండరు చెప్పిన బాక్టీరియా వేఱు, ఫ్రెంకెల్ అను నతడు చెప్పినది వేఱు. వారిరువురి వివాదము చిరకాలము సాగినది. నేడు చూచినచో ఫ్రీడ్లెండరుది ఎఱ్ఱనిది, ఫ్రెంకెలుది ఊదాది. రెండును న్యుమోనియా కలిగింపగలవు గాని ఎక్కువమందికి కలిగించునది ఫ్రెంకెల్ చూపిన న్యుమోకాకస్. వివాదమును తీర్చు సాధనము ఫ్రీడ్లెండరు శాలలోనే పుట్టుట చిత్రము.

ఒకే రంగు, ఒకే అయొడిను, ఒకే ఆల్కహాలు. ఒకటి పట్టి విడువదు, ఒకటి విడుచును. ఈ భేదము దేనివలన? దీనికి సమాధానము బాక్టీరియా దేహపు వెలిగోడలో కలదు. ఆ గోడ జాడ తీసినది మొదట జలుబు. 1921లో లండనులో అలెగ్జాండరు ఫ్లెమింగ్ తన ముక్కునుండి కారిన చీమిడిని ఒక జాతి బాక్టీరియాపై వైచి చూడగా, అవి కరగి మాయమయ్యెను. అట్లు కరగించు పదార్థమునకు లైసోజైము అని పేరు పెట్టెను. అది కన్నీటిలోను, కోడిగ్రుడ్డు తెల్లసొనలోను కూడ కలదు. 1928లో ఆయన పళ్లెములోనే బూజు పడి, దాని చుట్టును ఉన్న బాక్టీరియా నశించెను. ఆ బూజు రసమే పెన్సిలిన్. లోకమంతయు ఎరిగిన ఈ బూజు కథకంటె, ఎవరికిని పట్టని ఆ చీమిడి కథయే బాక్టీరియా నిర్మాణమును తెలిసికొనుటకు ఎక్కువగా తోడ్పడినది.

పెన్సిలినును మందుగా మలచినవారు ఆక్సుఫర్డులోని ఫ్లోరీ, చెయిన్, హీట్లీలు. 1940 మే 25న వారు ఎనిమిది చిట్టెలుకలకు ప్రాణాంతకమగు బాక్టీరియాను ఎక్కించి, నాలుగింటికి మాత్రము మందిచ్చిరి. మఱునాటి యుదయమునకు మందులేని నాలుగును చచ్చిపడి యుండెను. మందు పొందినవి బ్రతికియుండెను. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్టు అలెగ్జాండరు అను పోలీసునకు ఆ మందు ఎక్కించిరి. ముఖమంతయు చీము పట్టి, ఒక కన్ను పోయినవాడు అయిదుదినములలో తేఱుకొని ఆహారము పుచ్చుకొనసాగెను. ఉన్న మందు అతి స్వల్పము. అతని మూత్రమునుండి మందును తిరిగి తీసి ఎక్కించిరి. అదియు నిండుకొన్నది. వ్యాధి తిరుగబెట్టి మార్చి 15న అతడు మరణించెను. మందు పనిచేయునని ఆ మరణము చెప్పకయే చెప్పినది. ఎట్లు పనిచేయునో మాత్రము ఇంకను ఎవరికిని తెలియదు. పెరుగుచున్న బాక్టీరియానే చంపును, పెరుగక ఊరకున్నదానిని చంపదను విషయ మొక్కటి మాత్రము గుర్తించిరి.

1953లో క్లాస్ వైబుల్ అను స్వీడిషు శాస్త్రజ్ఞుడు చేసిన ప్రయోగము చదువురానివానికిని బోధపడునంత తేట. అతడు పెద్ద కడ్డీలవంటి బాక్టీరియాను చిక్కని చక్కెరనీటిలో ఉంచి, దానిలో లైసోజైము కలిపెను. గోడ కరగిపోయినది. బాక్టీరియా చావలేదు, కాని కడ్డీలన్నియు గుండ్లయినవి! ఆ చక్కెరనీటిలో మామూలునీరు కలిపి పలుచన చేయగానే గుండ్లు పగిలిపోయినవి. దీనివలన రెండు సంగతులు తేలినవి. బాక్టీరియాకు రూపమిచ్చునది దాని గోడ. పగులకుండ కాపాడునదియు ఆ గోడయే. లోపలి ద్రవము లవణములతో, పోషకములతో చిక్కనై యుండుటచే బయటినీరు ఎడతెగక లోనికి చొరబడ జూచును. కొన్ని జాతులలో ఆ ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి ఇరువది రెట్లుండును. సైకిలు చక్రమున గాలి నింపిన ట్యూబును టైరు ఎట్లు పట్టియుంచునో, లోపలి మెత్తని పొరను ఆ గోడ అట్లు పట్టియుంచును. టైరు చినిగినచో ట్యూబు గతి ఏమగునో చెప్పనక్కఱలేదు.

ఆ గోడ దేనితో కట్టబడినది? మిల్టన్ సాల్టన్ మొదలగువారు 1950 తరువాత బాక్టీరియాను చితుకగొట్టి గోడలను మాత్రము వేఱుచేసి పరీక్షించిరి. రెండు చక్కెరజాతి అణువులు ఒకటి విడిచి ఒకటిగా కూర్చబడిన పొడవైన దారములు పడుగు. మాంసకృత్తుల మూలపదార్థములైన అమైనో ఆమ్లముల పొట్టిముక్కలు పేక. ఈ పడుగు పేకలు ఒకదానితో నొకటి ముడివడి, బాక్టీరియా చుట్టును అతుకులేని యొక సంచి యగును. అతుకులేని సంచిలో నున్నది పెరుగుట యెట్లు? అచ్చటచ్చట దారములను తానే తెంచి, నడుమ క్రొత్తదారములను చేర్చి, ముడులు వేసికొనుచుండవలెను. తెంచు కత్తెరలును, ముడివేయు చేతులును వేర్వేరు. పెన్సిలిన్ ఆ ముడివేయు చేతిని పట్టుకొనును. 1965లో టిప్పరు, స్ట్రోమింజరు అనువారు దీని కిటుకును వివరించిరి: పెన్సిలిను అణువు ఆకారమున ఆ పేకముక్క చివరను పోలియుండును, ముడివేయు చేయి మోసపోయి దానిని పట్టుకొని ఇక విడువలేదు. కత్తెరలు మాత్రము తమ పని మానవు. గోడ సడలును, ఒత్తిడికి దేహము పగులును. పెరుగనిదానికి కత్తెరతో పనిలేదు గనుకనే పెన్సిలిన్ దానిని చంపజాలదు. మనుష్యుని కణములకు ఇట్టి గోడయే లేదు. అందుచేతనే బాక్టీరియాను చీల్చు మందు, సరిపడని కొందఱికి దప్ప, మనకు హాని చేయదు.

గ్రామ్ చూచిన భేదమునకును మూలమిదియే. ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని వచ్చిన పిదప గోడల అడ్డుకోత కంటబడెను. ఊదారంగు నిలుపుకొను జాతులకు ఈ అల్లిక పొరలుపొరలుగా మందమై యుండును. రంగు విడుచు జాతులకు అల్లిక మిక్కిలి పలుచన. కాని దానిపైన క్రొవ్వుతో కూడిన మఱియొక పొర బయటి కప్పుగా కలదు. కోటకు ఒకటే దళసరి ప్రాకారము కట్టుట ఒక పద్ధతి, పలుచని గోడ కట్టి వెలుపల అగడ్త త్రవ్వుట మఱియొక పద్ధతి. ఆ బయటిపొరను దాటి లోనికి పోలేకయే తొలినాటి పెన్సిలిన్ టైఫాయిడు జ్వరమున వ్యర్థమయ్యెను. ఆ జ్వరమునకు క్లోరాంఫెనికాల్ పనిచేయునని 1948లో మలయాదేశమున తేలినది. అంతకుముందు ఇరువదియొక్క దినములు లంకణములతో, దైవముపై భారముతో గడిపిన ఇండ్లకు ఆ బిళ్లల విలువ తెలియును. బయటిపొరయందలి ఒక పదార్థమే, బాక్టీరియా చచ్చి చీలినపుడు రక్తమున గలిసి తీవ్రజ్వరమును, మూర్ఛను కలిగించును. 1892లో కోఖ్ శిష్యుడు ఫైఫరు, కలరా క్రిములను పరీక్షించుచు దీని జాడ తీసెను.

గోడ దాటి లోనికి పోయినచో ఒక పలుచని పొర, దాని లోపల జీవద్రవ్యము. ఆహారమును ఏరి లోనికి తీసికొనుట, శక్తిని పుట్టించుట ఆ పొర పని. మన కణములకు వలె వేఱుగ కట్టిన కేంద్రకపు గది లేదు, జీవసూత్రమగు డి.ఎన్.ఏ. దారము ద్రవ్యమున చుట్టలు చుట్టుకొని యుండును. 1963లో కెయిర్న్స్ అను నతడు దానిని చిత్రించి చూపగా, అది కొనలులేని వలయమనియు, చాచినచో మిల్లీమీటరుకు మించుననియు తెలిసెను. దేహము పొడవునకు కొన్ని వందల రెట్లు! డి.ఎన్.ఏ.యే వంశలక్షణములను మోయునని తేలుటకును న్యుమోకాకసే ఆధారము. దాని గోడపై జిగురువంటి కంచుక మున్నచో ఎలుకను చంపును, లేనిచో చంపదు. 1928లో గ్రిఫిత్, చంపి యుంచిన కంచుకధారులతో కంచుకములేని సజీవములను కలిపి ఎలుకకు ఎక్కింపగా, ఎలుక చచ్చుటయే గాక దాని రక్తమున సజీవమైన కంచుకధారులు కనబడెను. చచ్చినవానినుండి బ్రతికినవానికి సంక్రమించిన ఆ వారసత్వపు పత్రము డి.ఎన్.ఏ. యని 1944లో ఏవరీ, మెక్లియాడ్, మెకార్టీలు తేల్చిరి.

ఆ పత్రమును చదివి మాంసకృత్తులను తయారుచేయు రేణువులు రైబోసోములు. ఒక్కొక్క బాక్టీరియాలో వేలకొలది కలవు. ఇవి మన కణములలోనివానికంటె చిన్నవై, కట్టుబడిలో కొంత భిన్నమై యుండును. గోడవలెనే ఈ భేదమును మందునకు దారి యిచ్చినది. ఇచ్చట తెలుగువారు తలచుకొనదగిన పే రొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనాధ్యక్షుడై యుండగా, డెబ్బది దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గరు అచట మట్టినుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. 1948లో అది లోకమునకు వెల్లడి యయ్యెను. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను. టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబమునకు అదియే పెద్ద. ఆ కుటుంబపు మందు రైబోసోమున ఏ మూల కూర్చుండి పని నాపునో 2000లో చిత్రించి చూపినది చిదంబరమున జన్మించిన వెంకట్రామన్ రామకృష్ణన్ బృందము. రైబోసోము నిర్మాణమునకు 2009లో ఆయనకు, మఱి యిద్దఱకు నోబెల్ బహుమాన మిచ్చిరి.

బాక్టీరియా ఊరకుండలేదు. పెన్సిలినును విఱుగగొట్టు పదార్థమును కొన్ని జాతులు తయారుచేయునని 1940లోనే, మందు రోగి చేతికి రాకమునుపే, ఏబ్రహాం, చెయిన్‌లు ప్రకటించిరి. 1959లో జపానుదేశపు వైద్యులు మఱింత గడ్డు సంగతిని బయటపెట్టిరి. రక్తగ్రహణి క్రిములు నాలుగు మందులను ఒక్కసారిగా తట్టుకొను గుణమును ఒకదానినుండి మఱియొకటి అందుకొనుచున్నవి, ప్రధానమగు డి.ఎన్.ఏ. వలయము గాక, చేతులు మారు చిన్న వలయములు వేఱుగ ఉండి ఆ గుణమును మోయుచున్నవి. 1961లో ఇంగ్లండున చీముపుండ్ల క్రిమి ముడివేయు చేతినే మార్చుకొని, పెన్సిలిన్ జాతి మందుకు పట్టుబడుట మానినది. ఊరి దుకాణమున రెండు బిళ్లలు కొని మ్రింగి, జ్వరము తగ్గగానే మానివేయువారు ఈ సంగతిని ఎరుగరు. మిగిలి బ్రతికినవే తరువాతి తరమునకు తల్లులు.

నేటికిని ఆసుపత్రి ప్రయోగశాలకు కఫమో, చీమో పరీక్షకు వచ్చినచో, గాజుపలకపై రాచి మొదట చేయు పని గ్రామ్ చెప్పినదే. కొన్ని నిముషములలో ఊదాయో, ఎఱ్ఱయో తెలియును. ఏ గోడవానితో యుద్ధమో తెలియును. మందు ఎన్నిక అటనుండి సాగును. గ్రామ్ కోపెన్‌హేగనుకు తిరిగిపోయి ఆచార్యుడై, 1923లో విరమించి, 1938లో మరణించెను. ఆక్సుఫర్డు ఎలుకలకు అప్పటి కింకను రెండేండ్లున్నవి. రంగు ఏల నిలుచునో ఆయనకు తెలియదు. 1983లో కెనడాదేశమున బెవరిడ్జి, డేవిస్ మొదలగువారు అయొడినుకు బదులు ప్లాటినముతో కూడిన పదార్థమును వాడి, ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని క్రింద రంగు కదలికను వెంబడించి చూచిరి. ఊదారంగును అయొడినును కలిసి లోపల పెద్దరేణువులగును. ఆల్కహాలు నీటిని లాగివేయగా దళసరి గోడ బిగిసి, కన్నములు మూసికొని ఆ రేణువులను బంధించును. పలుచని గోడవానికి బయటి క్రొవ్వుపొర కరగిపోయి రేణువులు వెలికి జాఱును. శవపరీక్షశాలలో ఆ రంగు మొదట నిలిచిననాటికి అప్పటికి తొంబదితొమ్మిది సంవత్సరములు.